పాతర మీద మంచం

నాయన కర్మ ముగిసిన మర్నాడు పొద్దున, ఇంటి ముందు శామియానా ఇంకా విప్పకముందే, మా తమ్ముడు శీనప్ప పాత కొట్టంలో నిలబడి నన్ను పిలిచాడు. పశువులు లేక ఆ కొట్టం ఖాళీ అయి చాలా ఏళ్ళయింది. ఒక మూల నేలలో పెద్ద బండ పరిచి ఉంటుంది. దాని మీద చెప్పుకాలితో తడుతూ, "అక్కా, ఈ బండ ఎత్తిద్దామనుకుంటాండా. నాయన పోయేముందు నాతో చెప్పినాడు. లోపల ఉండాదంట" అన్నాడు. అలా అంటున్నప్పుడు వాడి కళ్ళలో కనిపించిన మెరుపు నాకు కొత్త కాదు. చిన్నప్పటినుంచి నాయన కళ్ళలో చూసిందే. "ఏముండాదిరా?" అని అడిగాను. "నీకు తెలీదా ఏమి!" అని నవ్వాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ బండ కింద ఏముందో నాకు తెలిసినంతగా ఈ భూమ్మీద ఇంకెవరికీ తెలియదు. అది రాగుల పాతర. అందులో బంగారం లేదు. అందులో ఒక మనిషి చచ్చిపోయాడు. మా నాయనను బతికించడానికి దిగి చచ్చిపోయాడు. అలా బతికి బయటపడిన మా నాయన మిగిలిన జీవితమంతా నిధి నిధి అని తిరిగి, పోతూ పోతూ ఆ జబ్బును కొడుక్కి అంటించి పోయాడు. తండ్రి పోయి పట్టుమని పదిహేను రోజులు కాలేదు, నేను ఏడవాల్సిన సమయం. కానీ ఆ పొద్దున నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఇది రాస్తున్నప్పుడు కూడా అది తగ్గలేదు.

నేను హిందూపురంలో ఉంటాను. పెళ్ళిళ్ళకు, గృహప్రవేశాలకు వంట సరుకుల లెక్క వేసి ఇవ్వడం నా పని. బియ్యం ఎంత, కందిపప్పు ఎంత, నూనె ఎంత, ఆకులెన్ని అని. బడి ఏడో తరగతితో ఆగిపోయింది కాబట్టి ఈ లెక్క నాకు ఎవరూ నేర్పలేదు, చూసి చూసి పట్టుకున్నాను. ముద్దపప్పు పెడితే సాంబారు తక్కువ పోతుంది. మాంసం పెడితే అన్నం ఎక్కువ పోతుంది. పల్లెలో జరిగే పెళ్ళికీ టౌనులో జరిగే పెళ్ళికీ మనిషి తిండి ఒకటి కాదు. ఎవరు వచ్చినా నేను అడిగే మొదటి మాట, "ఎంతమంది తింటారు?" అని. ఆ మాటకు జవాబు లేకుండా పొయ్యి వెలిగించకూడదు. ఈ మధ్య చాలామంది నా లెక్క చూసి, "ఇంకా ఎక్కువే రాయి పారక్కా, ఊళ్ళో పేరు పోకూడదు" అంటారు. మర్నాడు ఆ అన్నాన్ని కాలువలో గుమ్మరిస్తారు. అటువంటివాళ్ళ ఇంటికి నేను రెండోసారి పోను. ఎంత అయితే చాలుతుంది అన్న ఒక్క లెక్క మీద నా బతుకు నడిచింది. దాన్ని నాకు అప్పజెప్పింది మా అవ్వ, అంటే నాయన తల్లి.

మాది పెనుకొండ పక్క పల్లె. తమ్ముడి కాన్పులోనే అమ్మ పోయింది, మా ఇద్దర్నీ అవ్వే పెంచింది. అవ్వ పొద్దన్నే లేచి రాగిపిండి జల్లించేది. ఆ జల్లెడ చప్పుడుకే నాకు మెలకువ వచ్చేది. పొయ్యిలో కందికట్టె పొగ, పక్కన కొట్టంలో పేడ వాసన, దొడ్డి వైపు గాలి తిరిగితే గొర్రెల బొచ్చు వాసన. ఇవన్నీ కలిసి ఒక వాసనగా ఉండేది మా ఇల్లు. మధ్యాహ్నం సంగటి ముద్ద, వేయించిన చెనిక్కాయలు నూరిన ఊరిబిండి పచ్చడి. అవ్వ చేతి ముద్దలన్నీ ఒకే కొలత. నాయనకొకటిన్నర, ఓబులేసుకు రెండు, నాకొకటి, తమ్ముడికి సగం. నాకు ఇంకా కావాలంటే పెట్టేది, కానీ పెట్టేముందు, "కడుపు అడుగుతాందా, నోరు అడుగుతాందా? సూసుకొని చెప్పు" అనేది. నేను కాసేపు ఆలోచించేదాన్ని. చాలాసార్లు నోరే అడిగేది. ఆ సంగతి ఒప్పుకుంటే అవ్వ నవ్వి చిన్న ముద్ద పెట్టేది. నోటికి కూడా కొంత పెట్టాల్సిందే అనేది. మా అవ్వ పిసినారి కాదు.

పాతర అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు. భూమిలో గింజలు దాచే గుంత. గులకరాళ్ళు కలిసిన గట్టి మొరుసు నేల చూసి తవ్వుతారు. పైన మూతి మనిషి దిగేంత సన్నం, లోపల కడుపు కుండలాగా వెడల్పు. లోపల మంట పెట్టి గోడలు కాల్చి, చుట్టూ రాగిగడ్డి దట్టంగా కూరి, రాగులు పోసి, మూతికి బండ వేసి బురదతో మెత్తుతారు. ఏళ్ళ తరబడి పురుగు పట్టదు. మా వాకిట్లో ఒక పాతర ఉండేది, ఏడాదికొకసారి తెరిచేవాళ్ళం. తెరిచిన రోజు ఎవ్వరినీ దగ్గరికి పోనిచ్చేది కాదు అవ్వ. బండ జరపగానే లోపలినుంచి వెచ్చటి గాలి వచ్చేది, పులిసిన సంగటీ తడిసిన గడ్డీ కలిపిన వాసన. "పాతర ఊపిరి ఇడవాల" అని మర్నాటిదాకా అట్లే వదిలేసేది. మర్నాడు గంపలో దీపం పెట్టి తాడుతో దింపేది. దీపం ఆరితే ఆ రోజూ లేదు. దీపం నిలిస్తేనే మనిషి దిగాలి. పైకి వచ్చిన గింజలను కొలిచేటప్పుడు అవ్వ ఒకటి అనేది కాదు. "లాభం" అని మొదలుపెట్టి, "రెండు, మూడు" అని పాడినట్టు కొలిచేది. తిండికింత, విత్తనానికింత, ఓబులేసు ఇంటికింత, అడుక్కునేవాళ్ళకింత అని కుప్పలు పెట్టేది. మిగిలితే అమ్మకానికి. పక్క చేను అమ్మకానికి వచ్చిందని నాయన ఎగిరిన రోజు అవ్వ, "మూతి సన్నంగా ఉంటేనే పాతర నిలుస్తాది. వెడల్పు చేస్తే నీళ్ళు దిగుతాయి" అని పొయ్యి దగ్గరికి పోయింది. నాయనకు ఆ మాట నచ్చలేదు.

ఓబులేసు మా గొర్రెలు కాసేవాడు. ప్రతి ఈతలో పుట్టిన గొర్రెపిల్లల్లో వాడికి భాగం. పెద్ద మనిషేమీ కాదు. బీడీలు తాగేవాడు, మధ్యాహ్నం కంబళి పరుచుకుని గురకపెట్టేవాడు, కొండలో చిరుతపులిని కర్రతో తరిమానని ఏడాదికొక రకంగా చెప్పేవాడు. కుడి చేతికి తాత కాలం నాటి లావుపాటి వెండి కడియం ఉండేది. ఒక మంచి సంవత్సరం అవ్వ వాడికి భాగం కాక ఇంకొక గొర్రెపిల్ల ఇవ్వబోతే వద్దన్నాడు. "ఏంటికి రా వద్దంటావు?" అంటే, "ఇంకొకటి ఎక్కువైతే దాన్నీ నేనే కాయాల కదమ్మా!" అన్నాడు. అవ్వ పొట్ట పట్టుకుని నవ్వింది. నాయన మాత్రం, "అందుకే వీళ్ళు బాగుపడరు" అన్నాడు. వాడు అప్పటికే బాగున్నాడన్న సంగతి నాయనకు కనపడలేదు.

తృప్తి గురించి ఉపన్యాసాలు చెప్పేవాళ్ళంటే నాకు గిట్టదు. ఉన్నవాడు మెత్తటి కుర్చీలో కూర్చుని, లేనివాడికి "ఉన్నదాంతో సర్దుకో" అని చెప్పడం నేను చాలా సభల్లో విన్నాను, ఆ సభల వంటలకు లెక్క వేసింది నేనే కాబట్టి. కడుపుకు లేనివాడు ఎక్కువ అడగాల్సిందే. నేను మాట్లాడేది మా నాయన గురించి. మాకు తిండికి కొదవ లేదు, గుడ్డకు కొదవ లేదు. బావిలో నీళ్ళున్నాయి, పాతరలో రాగులున్నాయి. వానలు తప్పిన సంవత్సరం కూడా మా ఇంట్లో పొయ్యి ఆరలేదు. అటువంటి ఇంట్లో పుట్టిన మనిషికి ఏం తక్కువైంది? నేను ఎన్ని రకాలుగా కూడినా, తీసివేసినా ఈ లెక్క తేలలేదు.

అసలు సంగతి ఇది. పెనుకొండ రోడ్డులో ఒకాయన మిద్దె కట్టి లారీ కొన్నాడు. పునాది తవ్వుతుంటే బంగారు కుండ దొరికిందని ఊరంతా గుప్పుమంది. ఆయన ఇంట్లో ఆడవాళ్ళు పట్టుపురుగులు పెంచేవాళ్ళు. మల్బరీ ఆకు కోసి కోసి వాళ్ళ వేళ్ళు నల్లబడి ఉండేవి. పట్టుగూళ్ళు మూటలు కట్టి హిందూపురం మార్కెట్టుకు వేసుకుపోవడం అందరం చూశాం. అయినా ఆ మిద్దె వాళ్ళ చేతుల మీద లేచిందంటే ఎవ్వరూ నమ్మలేదు, కుండ అంటే నమ్మారు. పెనుకొండ చుట్టుపక్కల పుట్టినవాళ్ళకు ఇది పాలతోపాటు పోస్తారు. రాజులు పోతూ పోతూ బంగారమంతా ఇక్కడే పూడ్చిపోయారని, ఏ బండ ఎత్తినా ఉంటుందని. ఇంకొకడు కష్టపడి బాగుపడ్డాడని ఒప్పుకుంటే మనం కూడా కష్టపడాలి. కుండ దొరికిందంటే ఆ బాధ లేదు.

నాయన ముదిగుబ్బ వైపు నుంచి అంజనం వేసేవాణ్ణి ఒకణ్ణి పిలుచుకొచ్చాడు. తమలపాకుకు నల్లటి కాటుక పూసి, అందులో భూమి లోపల ఉన్నది చూపిస్తాడట. పెద్దవాళ్ళకు కనపడదు, చిన్నపిల్లలే చూడాలి. ఐదేళ్ళ శీనాను ఒళ్ళో కూర్చోబెట్టుకుని చేతిలో బొరుగుల ఉండ పెట్టాడు. "అబ్బీ, ఏం కనపడతాంది?" అన్నాడు. "నల్లగుండాది" అన్నాడు వీడు. "బాగా సూడు. కుండ కనపడతాందా?" "ఊఁ." "మూతి కట్టిందా, తెరిసిందా?" శీనా ఉండ వైపు చూసి, "కట్టింది" అన్నాడు. నాయన ముఖం దీపంలాగా వెలిగిపోయింది. నేను పక్కనే ఉన్నాను. "అడిగిందానికల్లా ఊఁ అంటాండాడు నాయనా, ఏనుగు కనపడతాందా అని అడుగు, దానికీ ఊఁ అంటాడు" అన్నాను. నెత్తిన ఒక మొట్టికాయ పడింది.

అంజనంవాడు ఇల్లంతా గునపంతో తట్టుకుంటూ తిరిగి కొట్టం మూలకు వచ్చేసరికి నేల డొల్లగా మోగింది. నాయన ఎగిరి గంతేశాడు. అవ్వ గడ్డి వేస్తూ ఆ మోత విని, "అది మా మామ కాలం నాటి పాతర రా. నువ్వు పుట్టకముందే మూసినారు. అడుగున బూజుపట్టిన రాగులు ఉంటాయి, అంతే" అంది. ఎవరైనా నమ్మాలి కదా. ఆ ఇంటికి కోడలిగా వచ్చి, ఆ పాతరను కళ్ళారా చూసిన మనిషి చెప్తోంది. అంజనంవాడు నాయన చెవిలో, "పెద్దామెకు తెలుసు. దాచిపెడతాంది" అన్నాడు. నాయన వాడినే నమ్మాడు. సొంత తాత రాగులు దాచుకున్న గుంతను రాజుల నిధి అనుకుని, సొంత తల్లిని దొంగ అనుకున్నాడు.

మా అత్త కూతురి పెళ్ళి చీరలకని అవ్వ ధర్మవరం పోయిన రోజు చూసి ఇద్దరూ పని మొదలుపెట్టారు. మిట్టమధ్యాహ్నం. ఆడమనిషి నీడ పడకూడదని నన్ను బయటికి తరిమారు. దీపం సోకితే బంగారం బొగ్గయిపోతుందని అంజనంవాడు ముందే చెప్పాడు. నేను కొట్టం గోడ అవతల నిలబడ్డాను. గడ్డపారతో బండ జరిపిన చప్పుడు వినపడింది. ఆ వెంటనే వాసన గోడ దాటి నా దాకా వచ్చింది. మా వాకిట్లో పాతర వాసన కంటే చాలా ఘాటు, ముక్కు మండింది. "నాయనా, ఈ పొద్దు దిగొద్దు! దీపం ఇడిసి సూడాలని అవ్వ చెప్తాది కదా!" అని అరిచాను. "మీ అవ్వకు భయం, నీకు నోరు. గమ్మునుండు" అని లోపలినుంచి వచ్చింది జవాబు. తాడు గుంజకు కట్టి దిగాడు. తర్వాత ఏ చప్పుడూ లేదు. "ఏమప్పా, కనపడిందా? ఏమప్పా?" అని అంజనంవాడు రెండు మూడుసార్లు పిలిచాడు. గోడ సందులోంచి చూస్తే వాడు మెల్లగా వెనక్కి అడుగులేస్తున్నాడు. సంచి చంకలో పెట్టుకుని ముందు నడిచాడు, వాకిలి దాటాక పరుగెత్తాడు.

నేను దొడ్డికి పరుగెత్తాను. ఓబులేసు గొర్రెపిల్లకు పాలు పట్టిస్తున్నాడు. నా మాట సగం విని లేచాడు. "దీపం ఇడిసినారా?" అని ఒక్కటే అడిగాడు. లేదన్నాను. ఆ మాట విన్న మనిషికి లోపల ఏముందో నాకంటే బాగా తెలుసు. తెలియక దిగలేదు వాడు. దోవలో పక్క చేనులో ఉన్న ఇద్దరిని కేకేసి పిలిచాడు. తలగుడ్డ నీళ్ళలో ముంచి ముక్కుకు చుట్టుకున్నాడు. "తాడు కదిలితే లాగమని చెప్పు పాపా" అని నాతో అని, దిగిపోయాడు. తాడు కదిలింది. ఇద్దరూ లాగితే మా నాయన పైకి వచ్చాడు, నోట్లో నురుగు, కానీ ఊపిరి ఉంది. తాడు మళ్ళీ వదిలారు. "ఓబన్నా, కట్టుకో! ఓబన్నా!" అని అరిచారు. ఆ తాడు కదలలేదు. ఎంతసేపు చూసినా కదలలేదు. చివరికి కొక్కెం వేసి వాణ్ణి పైకి తీసేసరికి అయిపోయింది.

సాయంత్రం అవ్వ వచ్చింది. చేతిలో చీరల సంచి అరుగు మీద పెట్టి, వాకిట్లో పడుకోబెట్టిన ఓబులేసును చూసింది. తల దగ్గర కూర్చున్న వాడి పెండ్లాం నరసమ్మను చూసింది. కంబళి కప్పుకుని గోడకు ఆనుకుని కూర్చున్న కొడుకును చూసింది. దగ్గరికి పోయి, "నీకేం తక్కువైందిరా?" అంది. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టు అడిగింది. నాయన తలెత్తి, గుసగుసగా ఏమన్నాడో తెలుసా? "అమ్మా, లోపల ఉండాది. నా చేతికి తగిలింది. గుండ్రంగా, నున్నగా, సల్లగా తగిలింది." నరసమ్మకు ఆ మాట వినపడేంత దూరంలోనే అన్నాడు. అవ్వ వంగి రెండు చేతులా దుమ్మెత్తి కొడుకు ముఖాన పోసింది.

నాయన చేతికి తగిలింది ఏమిటో నాకు ఆ రోజే తెలుసు. స్పృహ పోతూ ఉన్న మనిషికి నడుం చుట్టూ తాడు కడుతున్న వాడి చేయి తగిలింది. ఆ చేతికి కడియం ఉంది. పెద్దయ్యాక ఈ మాట నాయనతో చాలాసార్లు అన్నాను. "నాయనా, అది ఓబులేసు కడియం" అని. "కడియం అంత లావుంటాదా?" అని వేళ్ళు వెడల్పు చేసి చూపించేవాడు. నేను లెక్కలదాన్ని కదా, ఆ వేళ్ళ మధ్య సందును గమనిస్తూ వచ్చాను. మొదట్లో అది గాజంత ఉండేది. నా పెళ్ళి నాటికి చెంబు మూతంత అయింది. శీనా పెళ్ళి నాటికి బిందె మూతి. తనను బతికించిన మనిషి చేతిని బంగారు బిందెగా మార్చుకుని జీవితాంతం దాన్నే తలుచుకున్నాడు మా నాయన. ఆ మనిషిని మాత్రం ఒక్కసారి తలుచుకోగా నేను వినలేదు.

ఓబులేసును మట్టి చేసిన మర్నాడు అవ్వ ఆ బండను మళ్ళీ వేయించి, తన చేత్తోనే బురద మెత్తింది. తర్వాత తన నులకమంచం తెచ్చి దాని మీద వేసుకుంది. నడవలో గాలి తగిలే చోట పడుకునే మనిషి, ఆ రోజునుంచి కొట్టంలో ఎద్దుల మధ్య పడుకుంది. ఈగలు, దోమలు, వానాకాలం కారే పైకప్పు. చలికాలం నేను పోయి, "అవ్వా, లోపలికి రా" అంటే, "ఈడ నాకు బాగుండాది పో. మీ నాయన కాళ్ళ సప్పుడు ఇనపడతాది" అనేది. చచ్చేదాకా అక్కడే పడుకుంది, అక్కడే చచ్చిపోయింది. గొర్రెల్లో సగం నరసమ్మ ఇంటికి తోలించింది. ఆ రోజు కూడా లాభం, రెండు, మూడు అనే లెక్కపెట్టింది, కానీ ఆ గొంతులో పాట లేదు.

అవ్వ పోయాక కూడా నాయన ఆ పాతర తెరవలేదు. తెరవడానికి ధైర్యం లేదు, మరిచిపోవడానికి మనసు లేదు. బదులుగా వేరేచోట్ల వెతికాడు. కొండలెక్కాడు, పాడుబడిన గుళ్ళ చుట్టూ తిరిగాడు, అంజనాల తర్వాత భూమిలో లోహాన్ని పసిగట్టే మిషన్లు పట్టుకున్నవాళ్ళు వచ్చారు. ఎద్దులు పోయాయి, గొర్రెలు పోయాయి, బావి దగ్గరి చేను పోయింది. వాకిట్లో మంచి పాతర కూడా వాడకం లేక కూలిపోయింది. నిండుగా ఉన్న ఇంటిని ఖాళీ చేసి, ఖాళీ గుంతలో నిండుదనం వెతికాడు.

ఇప్పుడు మా పక్క ఎక్కడ చూసినా అదే జబ్బు, పేరు మారింది. పెద్ద ఫ్యాక్టరీ వచ్చాక రోడ్డు పొడుగునా రంగురాళ్ళు పాతారు, ప్లాట్లు అన్నారు. చెనిక్కాయ పండే నేలను చూసి ఎవ్వరూ ఎంత పండుతుందని అడగరు, ఎప్పుడు పెరుగుతుందని అడుగుతారు. అప్పుడు రాజుల బంగారం కోసం కింద తవ్వారు, ఇప్పుడు తవ్వకుండానే తవ్వుతున్నారు. శీనప్పకు హిందూపురంలో రెండంతస్తుల ఇల్లుంది, కారుంది, ప్లాట్లున్నాయి. మనిషి చెడ్డవాడు కాదు, నా మీద ప్రాణం. ప్రతి పెళ్ళిలో మాత్రం, "నేను చిన్నప్పుడు అంజనంలో కుండను చూసినా" అని చెప్తాడు. బొరుగుల ఉండ సంగతి వాడికి గుర్తులేదు.

ఆ పొద్దున నేను వాడితో వాదించలేదు. "తెరిస్తే తెరువు. కానీ ముందు నరసమ్మను అడిగి రా. ఆయమ్మ మొగుడు సచ్చిన చోటు అది" అన్నాను. నేనూ వెంట పోయాను. ఊరి చివర రెండు గదుల ఇల్లు, ముందు వేపచెట్టుకు కట్టిన మేకలు. ముసలామె అరుగు మీద కూర్చుని కంది పొట్టు చెరుగుతోంది. మమ్మల్ని చూసి, "పారమ్మనా? రా తల్లీ. మీ నాయన పోయినాడంట కదా. ఇంక నాకు ఇడుదల" అంది.

"ఏంటికి నరసమ్మా అట్లంటావు?" అన్నాను.

"నీకు తెలీదా? పండగ పండక్కీ వచ్చేటోడు కదా. ఈ అరుగు మీదే కూసోని, 'నరసమ్మా, లోపల ఏం సూసినాడో ఓబులేసు నీకేమన్నా చెప్పినాడా?' అనేటోడు. సచ్చి పైకొచ్చినోడు యాడ చెప్తాడు సామీ అంటే, 'కలలోనన్నా చెప్పలేదా?' అనేటోడు." చేట పక్కన పెట్టి నవ్వింది. "కలలోకి వస్తే నాకు బీడీలు తెమ్మంటాడు గానీ, మీ బంగారం సంగతి ఏంటికి చెప్తాడు?"

ఈ సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. చచ్చిన తండ్రి మీద అంత కోపం రావచ్చా అంటే, వచ్చింది. పక్కన శీనప్ప తల వంచుకున్నాడు. ఆ వంచిన తలతోనే, "ఊరికే సూద్దామనే నరసమ్మా..." అన్నాడు.

"ఊరికే కాదు" అన్నాను. "నేను అడిగేదానికి జవాబు చెప్పు. లోపల బంగారం ఉండాదనే అనుకుందాం. ఎంత దొరికితే నీకు సాలు?"

"అట్లడిగితే ఎట్లక్కా?"

"అట్లే అడుగుతా. నా పనే అది. ఒక చెంబు? ఒక బిందె? ఏదో ఒకటి చెప్పు, అది ఎన్ని తరాలు తినొచ్చో లెక్క నేను వేసిస్తా."

నిజంగానే ఆలోచించాడు, పాపం. "ఎంతుంటే అంత" అన్నాడు చివరికి.

"ఎంతుంటే అంత తింటామనే పెళ్ళికి ఎవుడూ వంట చెయ్యలేడు శీనా. ఎంత వండినా సాలదు."

నరసమ్మ మధ్యలో అందుకుంది. "నా లెక్క నాకు తెలుసమ్మా. ఆరు మేకలు. ఏడోది పుడితే అమ్మేస్తా. మోకాళ్ళ నొప్పులు, యాడ తిరిగేది దాని ఎనక?" ఆమె మాటలో గొప్పతనం చూపించుకోవడం ఏమీ లేదు. మోకాళ్ళు ఎంత దూరం నడుస్తాయో చూసుకుని, అంత మేర బతుకు కత్తిరించుకుంది, అంతే. మా నాయన తన మోకాళ్ళ వైపు ఒక్కసారి చూసుకుని ఉంటే బాగుండేది.

"సరేలే అక్కా. ఇప్పటికి ముట్టుకోను" అన్నాడు శీనప్ప.

ఆ 'ఇప్పటికి' అన్న మాట దగ్గర నా ఓపిక అయిపోయింది. నాయన కూడా అట్లే ఇప్పటికి, ఇప్పటికి అని ముప్పై నలభై ఏళ్ళు గడిపాడు. రేపు వీడు పోయేముందు వీడి కొడుకును పిలిచి చెవిలో చెప్తాడు. నేను ఫోను తీసి మొరుసు తోలే ట్రాక్టరతనికి చేశాను. లోతు ఎంతో, కడుపు వెడల్పు ఎంతో అవ్వ చెప్పింది నాకు గుర్తుంది. మూడు ట్రాక్టర్లు పడుతుంది, అణిచాక ఇంకొక సగం అని చెప్పాను. "ఇల్లు నాది కూడా కదక్కా" అన్నాడు శీనప్ప. "నీదే. గుంత మాత్రం నరసమ్మది. అడుగు ఆయమ్మను" అన్నాను. నరసమ్మ లేచి, పైటచెంగు దులుపుకుని మాతో నడిచింది.

ట్రాక్టరుతో వచ్చిన కూలీలు బండ ఎత్తారు. వెంటనే వాళ్ళను దూరంగా నిలబెట్టాను. అంత కాలం తర్వాత కూడా ఆ వాసన వచ్చింది, పల్చగా. శీనప్ప మెల్లగా జేబులోంచి ఫోను తీసి లైటు వేశాడు. ఒక అడుగు ముందుకేశాడు. అనాల్సినవన్నీ నేను అప్పటికే అనేశాను. నరసమ్మ గోడకు ఆనుకుని నిలబడి, చాలా మామూలుగా, "సూడు నాయనా, సూడు. మా ఇంటాయన కనపడితే నేను బాగుండానని చెప్పు" అంది.

శీనప్ప లైటు ఆర్పాడు. ఫోను జేబులో పెట్టుకున్నాడు. వాడి ముఖం ఎర్రబడింది, కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయనుకుంటాను. కొట్టం పక్క గోడ కొంత కొట్టి ట్రాక్టరును వెనక్కి తెచ్చారు. మొరుసు దబదబమని లోపలికి పడింది. దుమ్ము లేచి అందరి నెత్తిన పడింది. నీళ్ళు పోసి, దిమ్మిసతో కొట్టి, మళ్ళీ పోశారు. చివరికి నేల సమంగా అయింది. ఎక్కడ ఉండేదో తెలియనంత సమంగా అయింది.

ట్రాక్టరు వెళ్ళిపోయాక శీనప్ప అక్కడే నిలబడ్డాడు. కాళ్ళకు అంటిన మట్టి వైపు చూస్తూ, నాకు మాత్రమే వినపడేటట్టు, "అక్కా, నిజంగానే లోపల ఏమన్నా ఉండి ఉంటే?" అన్నాడు.

"ఉంటే ఉండనీరా" అన్నాను. కోపంగానే అన్నాను.